సారా మాన్పించే పనికి సర్టిఫికెట్ ఎవరికి? కర్నూలు, కడప చరిత్ర చెప్పేది



ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ చదువుతున్న మన పిల్లలు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "డిగ్రీ అయిపోయింది, తండాలో తాగుడు మాన్పించే కౌన్సెలర్‌గా పని చేయాలనుంది, దానికి ఏ సర్టిఫికెట్ కావాలి?" అని. ఒక్క ముక్కలో చెప్పే జవాబు లేదు. చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాల. ఎందుకంటే మన సీమలో సర్కారుకూ సారాకూ మధ్య నడిచిన కథలో లైసెన్సులున్నాయి, కాంట్రాక్టులున్నాయి, కేసులున్నాయి, నిషేధాలున్నాయి. తాగుడుకు చిక్కిన మనిషి పక్కన కూర్చుని మాట్లాడేవాడికి మాత్రం చాలా కాలం దాకా ఒక కాగితం గానీ, ఒక జీతం గానీ లేదు. ఆ ఖాళీ ఎట్లా వచ్చిందో తెలిస్తే ఇప్పుడొస్తున్న చట్టాలు మనకు ఎందుకు ముఖ్యమో అర్థమైతుంది.

నల్లమలలో చెంచుల ఇప్పసారా, తండాల్లో పెళ్లికీ చావుకీ పోసే దారూ, ఇవి సర్కారు కంటే పాతవి. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా కాచడం నేరం, కాంట్రాక్టరు అమ్మితే ఆదాయం. అడవిలో పువ్వు ఏరుకుని పండక్కి కాచుకున్నవాడు దొంగయ్యాడు, వేలంపాటలో అంగడి పాడుకున్నవాడు పెద్దమనిషి అయ్యాడు. తాగుడు అప్పుడు తగ్గలేదు, చేతులు మారింది అంతే. ఎరుకల మిత్రులకు ఇంకో రిజిస్టరు కూడా తెలుసు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చినారు. పుట్టుకతోనే నేరస్థుడని పేరు రాసుకుని, పోలీసు ఠాణాలో హాజరు వేయించుకునేవాళ్లు. 1913లో స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లు పెట్టి, "బాగు చేసే" పనిని మిషనరీలకు అప్పజెప్పినారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. కానీ మనల్ని బాగు చేయడానికి ఎవరో బయటినుంచి రావాలనే ఆలోచన మాత్రం చట్టంతో పాటు పోలేదు.

ఇంగ కడప సంగతికొద్దాం. ఇది మనవాళ్లలో చాలామందికి తెలీదు. దేశంలో మద్యనిషేధం మొదట అమలైన జిల్లాల్లో కడప ఒకటి. రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు దాన్ని తెచ్చినారు. అంగళ్లు మూసినారు, కాచినోళ్లను పట్టుకున్నారు. తాగుడు పోయిన చోట మనుషులు సాయంత్రం ఏం చేయాలనే ఆలోచన సేలంలో కొంత చేసినారు. భజనలు, ఆటలు, టీ అంగళ్లు, అట్లాంటివి. అది మంచి ఆలోచనే. అయితే పదేళ్లుగా రోజూ తాగుతున్నవాడు ఒక్కరోజులో ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, రెండు మూడు రోజుల్లోపే కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనపడతాయి, ప్రాణమే పోవచ్చు. దానికి భజన చాలదు. వైద్యం కావాల, ఆ తర్వాత నెలల తరబడి మాట్లాడే మనిషి కావాల. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిషేధం ఆపేసి, మళ్లీ తెచ్చి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలు చేసినారు. కర్నూలు కూడా అప్పుడు నిషేధంలోనే ఉంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, కర్నూలు రాజధాని అయింది. ఏడాది తిరిగేసరికి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది. దేని మీద? సారా మీదనే. నిషేధం పనిచేస్తోందా లేదా చూడమని రామమూర్తి కమిటీని వేస్తే, ఎత్తేయమని ఆ కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. కేసుల్లో ఇరుక్కున్న కల్లుగీత కార్మికుల తరఫున గొడవ పెరిగింది. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. కర్నూలు అసెంబ్లీలో ఒక ప్రభుత్వాన్ని కూల్చేంత పెద్ద విషయమది. అయినా ఆ రోజుల వాదనలన్నీ రెండు దారుల మధ్యనే నడిచినాయి: అమ్మాలా, ఆపాలా? ఆదాయం ఎంత, కేసులెన్ని? తాగేవాడికి వైద్యం అనే మూడో దారి ఆ కొట్లాటలో ఎక్కడా పెద్దగా వినపడదు. ఆ కాలాన్ని మనం నిందించి లాభం లేదు, ప్రపంచంలో చాలా చోట్ల అప్పటికి అంతే.

అయితే సరిగ్గా అదే 1954లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక వింత జరిగింది. విల్మార్ అనే ఊర్లోని సర్కారు ఆసుపత్రిలో, తాగుడు మానేసిన మనుషులనే కౌన్సెలర్లుగా పెట్టుకోవడానికి ప్రభుత్వ ఉద్యోగ జాబితాలో కొత్త పోస్టు చేర్చినారు. పెద్ద డిగ్రీ లేదు, కానీ ఆ బాధలోంచి బయటపడిన అనుభవం ఉంది, పక్కన డాక్టరు, సైకాలజిస్టు ఉన్నారు. తప్పు చేస్తే సరిదిద్దేవాళ్ల కింద పని. ఈ రోజు అమెరికా రాష్ట్రాల్లో అడిక్షన్ కౌన్సెలర్ కావాలంటే పరీక్ష, చదువు, సీనియర్ల కింద వేల గంటల పని చూపించాల్సి ఉంటుంది. ఆ పెద్ద కట్టడానికి పునాదుల్లో ఒకటి విల్మార్‌లో పడింది. సర్టిఫికెట్ అంటే మనకు గుర్తొచ్చేది గేటు. అక్కడ మొదట్లో అది గేటు కాదు, నిచ్చెన. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మన దగ్గర 1969 నాటికి నిషేధం ఎత్తేసినారు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ చేరినాయి. నీళ్లు రాని తండాకు ప్యాకెట్ వచ్చింది అని మన పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం రాత్రి బడుల్లో కూర్చున్న ఆడోళ్లు లేచినారు. వర్ధినేని రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆ ఉద్యమం సీమ జిల్లాలకూ పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయినాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం, 1997లో అది కూడా సడలిపోవడం. ఈ కథ పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి ఎక్కువ చెప్పం. ఒక్క మాట మాత్రం చెప్పాలనుంది. ఆ ఆడోళ్లు అంగళ్లు మూయించడమే కాదు, మొగుణ్ణి, కొడుకుని కూర్చోబెట్టి మాట్లాడినారు, మళ్లీ తాగితే పంచాయతీకి పిలిచినారు, మానినోడి ఇంటికి పోయి బియ్యం ఉన్నాయో లేవో చూసినారు. ఇప్పటి కౌన్సెలింగ్ పుస్తకాల్లో 'కుటుంబంతో పని', 'ఫాలో అప్' అని రాసేది దాదాపు ఇదే. వాళ్లకెవరూ కౌన్సెలర్ అని పేరు పెట్టలేదు. ఉద్యమం చల్లబడినాక ఆ నైపుణ్యం ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరికీ నేర్పలేదు. మన దృష్టిలో ఆ నిషేధం పోయిన దానికంటే పెద్ద నష్టం అది.

నిషేధ కాలంలోనూ తర్వాతా తండాల మీద పడింది నాటుసారా పేరు. బెల్లం ఊట, తుమ్మచెక్క, ఎక్సైజ్ దాడి, బైండోవర్. వాన పడని ఏడు సారా కాయడం కూలి దొరకనోళ్లకు ఒక పంట అయింది. చెప్పడానికి సిగ్గుపడే విషయమే గానీ నిజం. కాచినోడు కూడా రోజూ తాగేవాడే అయినప్పుడు అతని మీద కేసుంటుంది, ఒంట్లో జబ్బుంటుంది. సర్కారు దగ్గర మొదటిదానికి ఫైలుంది, రెండోదానికి మనిషి లేడు.

రెండోదానికి మనిషి తయారుకావడం ఎక్కడ మొదలైంది? రెండు చోట్ల చూడాల. ఒకటి మద్రాసు. 1980లో శాంతి రంగనాథన్ గారు అక్కడ టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ మొదలుపెట్టినారు. తాగుడును జబ్బుగా చూసి ఆసుపత్రి పెట్టి, కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చిన సంస్థల్లో అది ముందువరసలోది. రెండోది మనకింకా దగ్గర, బళ్లారి. బళ్లారి దత్తమండలాల్లో ఒకటి, ఆదోని, ఆలూరు 1953 దాకా ఆ జిల్లాలోవే. అక్కడ 1985 నుంచి 1990 దాకా బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు ఒక ప్రయోగం చేసినారు. మానసిక వైద్యులు చాలినంతమంది లేరు, ఇంకో యాభై ఏళ్లకైనా ఉండరు. అందుకని పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు కొద్దికాలం శిక్షణ ఇచ్చి, తర్వాత కూడా పైనుంచి చూస్తూ, వాళ్లు చూసిన కేసుల రికార్డులు గమనిస్తూ నడిపించినారు. దాన్నే 'బళ్లారి నమూనా' అంటారు. ఆ నమూనా మీదనే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది, తొలి నాలుగు జిల్లాల్లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచి మెదక్ ఉంది. ఆదోని బస్టాండు నుంచి బళ్లారి ఎంత దూరమో మనందరికీ తెలుసు. సూపర్‌విజన్ కింద మామూలు మనుషులు ఈ పని చేయగలరు అని దేశానికి చూపించిన చోటు మన పక్కింట్లోనే ఉంది.

తర్వాత గోవాలో దాన్ని తాగుడు మీదనే పరీక్షించినారు. మానసిక వైద్యంలో ముందు చదువేమీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, పీహెచ్‌సీల్లో ఎక్కువగా తాగే మగోళ్లతో కొన్ని విడతలు మాట్లాడించినారు. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చినాయి. మూడు నెలలకు తాగుడు అదుపులోకి వచ్చినవాళ్లు కౌన్సెలింగ్ ఉన్న వైపు 36 శాతం, లేని వైపు 26 శాతం. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ ఖర్చు తక్కువ, చేసింది మానసిక వైద్యంలో చదువు లేనోళ్లు. ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే, వాళ్లను శిక్షణ ఇచ్చి వదిలేయలేదు. వాళ్ల సంభాషణల రికార్డింగులు గుంపులో కూర్చుని విని, ఎక్కడ సలహా ఎక్కువైంది, ఎక్కడ వినడం తక్కువైంది అని ఒకరికొకరు మార్కులు వేసుకున్నారు.

సూపర్‌విజన్ మీద ఎందుకింత పట్టు అంటే, అది లేని చోట ఏం జరుగుతుందో మన దేశం చూసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయినారు. 'మాన్పిస్తాం' అని డబ్బులు కట్టించుకుని కట్టేసే, కొట్టే చోట్లు తాగుడు విషయంలోనూ లేకపోలేదు. తాగేవాడికి తెలీకుండా కూరలో పొడి కలపమని అమ్మే మందులు మన సంతల్లో మీరూ చూసే ఉంటారు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలీదు. కాబట్టి "మన తండా, మన భాష, మనకే బాగా తెలుసు, సర్టిఫికెట్ ఎందుకు" అనే మాటతో మేము ఏకీభవించం. ఫిట్స్ వచ్చే మనిషిని గుర్తుపట్టి ఆ రాత్రే కర్నూలు పెద్దాసుపత్రికి పంపడం తెలియనివాడు, ఎంత మంచివాడైనా, ప్రాణం తీసినట్టే.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. మద్యం, మత్తుమందుల వాడకంతో వచ్చే మానసిక స్థితులను అది మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. కాబట్టి డి-అడిక్షన్ సెంటర్ రాష్ట్ర అథారిటీ దగ్గర రిజిస్టర్ కావాల. గొలుసు వేయడం 95వ సెక్షన్ కింద నిషేధం. క్లినికల్ సైకాలజిస్ట్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే పీజీ తర్వాత సూపర్‌విజన్‌తో కూడిన రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ అని రాసింది. యూజీసీ మామూలు ఎంఫిల్ ఎత్తేసి, ఈ రెంటికీ మాత్రం 2025-26 దాకా అడ్మిషన్లకు గడువు ఇచ్చింది. అంటే ఆ దారి కూడా మారిపోతోంది, పాత సీనియర్ల సలహా నమ్మి ఆగకండి.

రెండోది 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. ఇందులో వృత్తుల జాబితా ఉంది. హెచ్ఐవీ కౌన్సెలర్లు, ఫ్యామిలీ ప్లానింగ్ కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, మానసిక ఆరోగ్య సహాయ కార్యకర్తలు, అన్నీ పేరు పెట్టి ఉన్నాయి. అడిక్షన్ కౌన్సెలర్ అని విడిగా పేరు లేదు, పక్క పేర్లలోనే ఒదగాల. అనుబంధ వృత్తి అనిపించుకోవడానికి కనీసం 2000 గంటల చదువు, రెండు నుంచి నాలుగేళ్లలో. పైస్థాయికి కనీసం 3600 గంటలు. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్లో పేరెక్కితేనే ప్రాక్టీసు. రోజుకు ఆరు గంటలనుకుంటే 2000 గంటలంటే 333 రోజులు. గుంటూరు మిరపకోతకు, బెంగళూరు బిల్డింగు పనికి అమ్మానాన్నలతో పాటు పోవాల్సిన పిల్లోడికి అది చిన్న లెక్క కాదు. స్టైపెండు లేని ఇంటర్న్‌షిప్ అంటే మన పిల్లలకు 'రావద్దు' అని మర్యాదగా చెప్పడమే.

మూడో దారి కేంద్ర సామాజిక న్యాయ శాఖ డబ్బులిచ్చే డి-అడిక్షన్ కేంద్రాలది. 1985-86 నుంచి ఆ పథకం ఉంది. కౌన్సెలర్ పోస్టుకు డిగ్రీ, ఈ రంగంలో అనుభవం అడుగుతారు, సామాజిక రక్షణ జాతీయ సంస్థ శిక్షణలు ఇస్తుంది. 2019లో అదే శాఖ బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో మద్యానికి పూర్తిగా లొంగిపోయినవాళ్లలో 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందిలో మన తండావాళ్లు, గూడెంవాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ భాష సంగతి చెప్పకుండా ఉండలేం. కౌన్సెలింగ్ అంటే మాటలతో చేసే వైద్యం. గోర్‌బోలీలో ఆలోచించే ఒక అవ్వ తన కొడుకు గురించి తెలుగులో చెప్పేటప్పుడు సగం మింగేస్తుంది. "తాగుతాడు సార్" అంటుంది, అంతే. అదే తన భాషలో అడిగితే ఎప్పుడు మొదలైంది, ఎవరు పోయిన తర్వాత మొదలైంది, రాత్రి ఏం కలవరిస్తాడు, అన్నీ వస్తాయి. నాయక్, కార్బారీ ముందు పెట్టే మాట బరువు బయటి కౌన్సెలర్‌కి తెలీదు. గుత్తి దగ్గర సేవాగఢ్‌లో పుట్టినాడని మనవాళ్లు చెప్పుకునే సేవాలాల్ మహరాజ్ దారూ ముట్టొద్దన్నాడని తండాలో ముసలోళ్లందరికీ తెలుసు. ఆ మాట ఎప్పుడు తీయాలో, ఎప్పుడు తీస్తే మనిషి సిగ్గుతో ముడుచుకుపోతాడో తెలిసేది లోపలి మనిషికే. చెంచు గూడేల్లో ఇంకా కష్టం, సున్నిపెంట దాటి లోపలికి పోయి నెలనెలా ఒకే మనిషి కనపడితేనే నోరు విప్పుతారు. ఏ సర్టిఫికెట్ సిలబస్‌లోనూ ఇవి లేవు. సూపర్‌వైజర్‌కి తెలిసినవి మనకు తెలీవు, మనకు తెలిసినవి సూపర్‌వైజర్‌కి తెలీవు. బళ్లారిలో, విల్మార్‌లో పనిచేసింది ఈ రెంటినీ ఒకచోట కూర్చోబెట్టడమే.

ఆ కేంద్రాల పథకంలోనే ఒక చిన్న పోస్టుంది, పీర్ ఎడ్యుకేటర్ అని. దానికి అడిగేది చదవడం రాయడం రావాల, ఒకప్పుడు మత్తులో ఉండి మానేసి ఏడాదో రెండేళ్లో అయి ఉండాల, శిక్షణ తీసుకోవడానికి సిద్ధపడాల. పత్తికొండ, ప్యాపిలి వైపు తండాల్లో ఈ అర్హతున్న అన్నలు, మామలు మనకు తెలిసినోళ్లే ఉన్నారు. అయితే ఆ పోస్టు నుంచి కౌన్సెలర్ పోస్టుకు మెట్టు లేదు. పదేళ్లు పనిచేసినా, వందమందిని మాన్పించినా, ఆ గంటలు ఏ కౌన్సిల్ లెక్కలోనూ ఎక్కవు.

అందుకే మేము రాష్ట్ర కౌన్సిల్‌కీ, శ్రీశైలం ఐటీడీఏకీ అర్జీ రాస్తున్నాం. అడిగేవి మూడు. సీనియర్ల కింద చేసిన పీర్ ఎడ్యుకేటర్ గంటలను శిక్షణ గంటల్లో కలపాల. గిరిజన విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండు ఇవ్వాల. గోర్‌బోలీ, ఎరుకల భాష వచ్చినోళ్లకు ఆ భాషలోనే చేసిన కౌన్సెలింగ్‌ను లెక్కలోకి తీసుకోవాల. అప్పటిదాకా మీరు ఏ ఆసుపత్రిలో, ఏ సెంటర్లో పని నేర్చుకున్నా తేదీ, గంటలు, చూసిన పని రాసుకుని అక్కడి పెద్దవాళ్ల సంతకం పెట్టించుకోండి, రోగి పేరు మాత్రం రాయొద్దు. ఇంట్లో ఎవరికైనా అవసరమైతే 14446కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. అర్జీ చిత్తుప్రతి గ్రూపులో పెడతాం, మీ మండలంలో మానేసి నిలబడినోళ్లు ఎవరైనా తమ అనుభవం చెప్పడానికి ఒప్పుకుంటే, వాళ్లనడిగే మాకు చెప్పండి.